పై గదిలో వయొలిన్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. హాస్టల్లో అమ్మాయిలు బాత్రూంకి తోడు రమ్మని బతిమాలితే, తలుపు బయట గజ్జెల చప్పుడు చేసి వాళ్ళని హడలగొట్టినదాన్ని. ఇప్పుడడిగినా నమ్మకం లేదనే అంటాను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

కెనడాలో, హాలిఫాక్స్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పని చేస్తున్నాను. ఫెర్రీ ఎక్కే రేవుకి దగ్గర్లో ఒక పాత చెక్క ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్నాను. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. డెబ్బై దాటాయి, భర్త పోయాడు. కనబడితే చలి గురించి ఒక మాట, అంతే.

నిరుడు చలికాలంలో కాకినాడలో మా అక్క పోయింది. జ్వరమని ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటికి నా వర్క్ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది. ఇప్పుడు వెళ్తే తిరిగొచ్చి ఉద్యోగం చేయలేవని అందరూ భయపెట్టారు. వెళ్ళలేదు.

అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూశాను. ఎవరో ఫోన్ పట్టుకున్నారు గానీ సౌండ్ రాలేదు. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు, బావ నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు. అయిపోయాక ముఖం కడుక్కుని షిఫ్ట్‌కి వెళ్ళాను.

ఏడుపు రాలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా. నన్ను చంకనేసుకుని పెంచిన అక్క. ఆమె ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నా ఒక్క చుక్క రాలేదు. బావ ఫోన్లో ఏడుస్తుంటే, "ఊరుకో బావా, మందులు వేసుకుంటున్నావా" అని పొడిపొడిగా మాట్లాడేదాన్ని. మెల్లగా ఆయన ఫోన్లు తగ్గించేశాడు. నా గుండె రాయైపోయిందేమోనని నాకే భయం వేసింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బియ్యం కడుగుతున్నాను. కిటికీ పక్క మూల నుంచి వయొలిన్ వినిపించింది. ఒక్కటే వయొలిన్, ఎప్పుడూ వినని పాట. కొంచెం వాయించి ఆపడం, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవడం. కుళాయి కట్టేశాను. ఫోన్ మోగడం లేదు, ల్యాప్‌టాప్ మూసే ఉంది. ఇంటావిడ చర్చికి వెళ్ళింది, కారు లేదు. పక్కింటివాళ్ళు చలికాలమంతా ఫ్లోరిడాలోనే ఉంటారు. గోడకి చెవి ఆనిస్తే శబ్దం తగ్గింది, మూల దగ్గరికెళ్తే పెరిగింది. అక్కడ ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు.

భయపడాల్సింది. దానికి బదులు నేల మీద కూలబడి "అక్కా" అని ఏడ్చాను. ఎక్కిళ్ళు పట్టేదాకా ఏడ్చాను. ఏడుస్తున్నంతసేపూ అది మోగింది. నా ఏడుపు ఆగాక అదీ ఆగింది.

అక్కడ పడుకునే వేళని తెలిసినా బావకి ఫోన్ చేశాను. ఆయన గొంతు వినగానే మళ్ళీ ఏడుపొచ్చింది.

"ఏడవ్వే తల్లీ, ఏడువు. ఇన్నాళ్ళూ నువ్వు కూడా మాకు లేవనుకున్నాను" అన్నాడు.

సాయంత్రం ఇంటావిడని, ఈ చుట్టుపక్కల వయొలిన్ ఎవరు వాయిస్తారని అడిగాను. ఆవిడ మొహం మారిపోయింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

ఆవిడ తాతగారి చెల్లెలు మూకీల కాలం నటి అట. చిన్నవయసులోనే ఇక్కడి నుంచి అమెరికా వెళ్ళి, మొగుడొదిలేసిన ఇల్లాలు, దిక్కులేని పిల్ల లాంటి వేషాలతో పేరు తెచ్చుకుంది. కానీ ఏడవమనగానే ఏడుపు వచ్చేది కాదు. అందుకని కెమెరా పక్కన ఒకతన్ని నిలబెట్టి వయొలిన్ వాయించేవాళ్ళు. సినిమాకి శబ్దమే లేదు గనక ఇబ్బంది లేదు. అప్పట్లో అది మామూలేనట.

టాకీలు వచ్చాక సెట్లో మైకు పెట్టారు. వయొలిన్ వాయిస్తే అదీ రికార్డవుతుంది. అంతా నిశ్శబ్దంగా చూస్తుంటే ఆవిడకి ఒక్క కన్నీటి బొట్టు రాలేదు. కొన్నాళ్ళు చూసి వేషాలివ్వడం మానేశారు. తిరిగొచ్చి, పెళ్ళీ గిళ్ళీ లేకుండా, నేనుంటున్న గదిలోనే కిటికీ పక్క కూర్చుని ముసలిదైపోయింది. ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టలేదు. మా ఇంటావిడ చిన్నప్పుడు టీ పట్టుకెళ్తే, "మా అమ్మ పోయినప్పుడు కూడా నేను ఏడవలేదు, వాయించేవాళ్ళు లేరుగా" అని నవ్విందట.

ఇదంతా చెప్పి ఇంటావిడ తన సంగతికి వచ్చింది. భర్త పోయాక తనకీ ఏడుపు రాలేదని, పై గదికి మారి, తనకోసమైనా ఆ వయొలిన్ వినిపిస్తుందేమోనని ఆ కుర్చీలోనే కూర్చునేదాన్నని చెప్పింది. ఏళ్ళు గడిచాక ఆశ వదులుకుని గది అద్దెకిచ్చింది.

"ఒకసారి పైకి రానా?" అని అడిగింది.

ఇద్దరం కూర్చున్నాం. ఎంతసేపటికీ ఏమీ వినిపించలేదు. మెట్లు దిగుతూ, "నీకైనా వాయించారు, సంతోషం" అంది. ఆ మాట అన్నప్పుడు కూడా ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి.

ఆ వయొలిన్ ఎక్కడిదో నాకు ఈరోజుకీ తెలియదు. సొంత మనిషి అన్నేళ్ళు కాచుకుని కూర్చుంటే, నిన్నగాక మొన్న అద్దెకొచ్చిన నాకెందుకు వినిపించిందో అసలే తెలియదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆవిడ పైకి వస్తుంది. నేను టీ పెడతాను. ఆవిడ ఆ మూలకేసి చూస్తూ కూర్చుంటుంది.