నాలుగు పిడతల కాపలా

మా చిన్నప్పుడు... వాన పట్టిందంటే కొల్లేరు మా లంకని నాలుగు వైపులా కమ్మేసేది. గుమ్మం దిగితే నీళ్ళే. గట్టు చేరాలంటే తాతయ్య పడవ ఒక్కటే దారి.

ఆ పడవలో కొల్లేటికోట అమ్మవారి దగ్గరికి వెళ్ళేవాళ్ళు దాటించినందుకు కేవుగా ఏ నాణెం ఇచ్చినా, కాస్త వింతగా ఉంటే తాతయ్య దాచేసేవారు. కుంపిణీ నాటి రాగి డబ్బులు, వెండి రూపాయలు, వంకీల అంచు నికెలు అణాలు, దుక్కిలో బయటపడ్డ సీసపు బిళ్ళలు... అన్నిటిలోకీ ఆయన ప్రాణం ఒక చిన్న రాగి నాణెం మీద. వలలో బురదతో పాటు వచ్చిందట. దాని మీద పంజా ఎత్తిన సింహం ఉండేది.

అన్నిటినీ కలిపి ఒకే పసుపుగుడ్డలో మూటకట్టి, పొయ్యి పైన ఉట్టిలో పెట్టేవారు. కొన్నాళ్ళకి వెండి నల్లబడింది, రాగి మీద పచ్చటి చిలుము లేచింది, సీసం తెల్లటి పొడి రాల్చడం మొదలెట్టింది.

మా ఇంట్లో అక్షరాలు వచ్చింది నా ఒక్కదానికే. చెమ్మ ఉన్నచోట ఒక లోహాన్ని మరో లోహం తాకకూడదని ఐదో తరగతి మాస్టారు చెప్పారు. అంతే, లోహానికొకటి చొప్పున నాలుగు పిడతలు తెచ్చాను. గంజి పెట్టని పాత పంచె చింపి ఒక్కో నాణేన్నీ విడిగా చుట్టాను. చెమ్మ పీల్చుకోవడానికి ప్రతి పిడతలోనూ వేయించిన బియ్యం మూట ఒకటి. ఎనిమిది రోజులకోసారి ఆ బియ్యం మళ్ళీ వేయించాలి. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి. ఎప్పుడూ తోమకూడదు... తోమితే మెరుస్తుంది గాని బొమ్మ పోతుంది. ఇదంతా తాతయ్యకి నేనే పాఠంలా అప్పజెప్పాను.

ఆ ఏడాది వానలు వెళ్ళాక విప్పి చూస్తే ఒక్క కొత్త మచ్చ లేదు. తాతయ్య పడవెక్కిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారు. నేను పొంగిపోయాను. అదే నన్ను ఇంటికి కట్టేస్తుందని అప్పుడు తెలియలేదు.

వేసవిలో మాస్టారు వచ్చి, నన్ను ఏలూరు హైస్కూల్లో చేర్చమన్నారు. మా పెద్దత్త ఉండేది ఆ ఊళ్ళోనే.

"ఈ వానాకాలం గడవనివ్వండి మాస్టారూ," అన్నారు తాతయ్య మెత్తగా. "పడవ గెడ వేసీ వేసీ నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. పిల్ల వెళ్ళిపోతే ఆ పిడతలు ఎవరు చూస్తారండీ?"

మరుసటి ఏడూ అదే మాట... పొయ్యి ముందు కూర్చుని బియ్యం వేయిస్తుంటే కిటికీలోంచి పడవలు పోవడం కనిపించేది. ఇంకో ఏడు ఆగితే వయసు మీరిందని బళ్ళో చేర్చుకోరని మాస్టారు కబురు పెట్టారు.

పిడతల పని మామ్మకి నేర్పబోయాను.

"నాకెందుకే ఆ చిలుము గోల? నా ఇత్తడి బిందెలే తోముకోలేక చస్తున్నాను," అంది.

బడులు తెరిచే రోజులు. ఒక పొద్దున్న తాతయ్య రాగి నాణేల పిడత విప్పారు. చిన్న నాణెం కొత్త బిందెలా తళతళలాడుతోంది. సింహం లేదు... నున్నటి బిళ్ళ మిగిలింది. చింతపండు వాసన.

"ఎవరు తోమారు?"

మామ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "ఇంకెవరండీ, మీ చదువుల సరస్వతి. మీకు మెరిపించి చూపిద్దామనుకుంది కాబోలు. ఇంకా ఇక్కడే ఉంచారంటే వెండి రూపాయలూ తోమేస్తుంది. పంపించెయ్యండి బాబూ."

నోరు తెరిచాను. మామ్మ నా వంక చూసింది. ఆవిడ గోళ్ళ సందుల్లో ఇటిక పొడి ఎర్రగా ఉంది. నేను కాదంటే పిడతలు మళ్ళీ నా ఒళ్ళోకి వస్తాయి. ఊరుకుంటే ఏలూరు.

ఊరుకున్నాను.

గట్టు దాకా తాతయ్యే పడవ నడిపారు. నేను దిగుతుంటే, "తోమకూడదని చెప్పింది నువ్వే కదమ్మా," అన్నారు.

హైస్కూలు పూర్తిచేశాను. ఇప్పుడు టీచరు ట్రెయినింగులో ఉన్నాను. సెలవులకి వెళితే తాతయ్య నన్ను ఆ పిడతలు ముట్టుకోనివ్వరు. తనే బియ్యం వేయించుకుంటారు, సగం పొయ్యిలో ఒలకబోసుకుంటూ. నిజం చెప్పేద్దామని ప్రతిసారీ అనుకుంటాను. చెబితే ఈ వయసులో మామ్మ ఆయన ముందు తల వంచుకోవాలి. "నేను పోయాక చెప్పుకో," అంటుంది ఆవిడ. ఆ మాట వినడం నాకు ఇంకా కష్టం...

ఇప్పుడు మా లంక నుంచి ముగ్గురు ఆడపిల్లలు పలకలు పట్టుకుని గట్టు అవతలి బడికి వెళుతున్నారు. తాతయ్యే దాటిస్తున్నారు, కేవు తీసుకోకుండా. ఈ వానాకాలం గడవనివ్వమని వాళ్ళతో ఎవరూ అనడం లేదు. మిమ్మల్ని గడప దాటించడానికి మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలాంటి అబద్ధం ఆడి ఉంటే... ఆ నిజం ఎప్పుడు చెప్పారో, ఎలా చెప్పారో నాకు రాయరూ?