ఎముకలో పాల జాడ

తూంకుంట అవతల మొరం గడ్డ మీద రాకాసి గుండ్లు ఉండేవి. పెద్ద బండలను గుండ్రంగా పేర్చిన పాతకాలపు సమాధులవి. చుట్టూ ప్లాట్లు పడుతున్నాయని, అవి కూడా పోయేలోపే తవ్వి చూడాలని యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. ద్రాక్షతోటలు కొట్టేస్తుంటే మాకు కూలి దొరకని రోజులు. అక్కడ నేను తట్ట మోసేదాన్ని. మా అత్త నీడకు కూర్చుని తవ్విన మట్టిని జల్లెడ పట్టేది.

జల్లెడ ఆడినంతసేపూ ఆమె నోరు కూడా ఆడేది. పనికి కొత్త ఆడవాళ్ళు ఎవరొచ్చినా నా కథ మొదలుపెట్టేది. ఇద్దరు కొడుకుల వెనక పుట్టిన నా కూతురు పాకే ఈడులో పోయింది. అప్పటికి పదేళ్ళ పైమాటే. "మా కోడలికి ద్రాక్షతోట కూలి తీపైంది. సంటిదానికి పాలియ్యకుంట మాడ్చి సంపింది" అని చెప్పేది. వాళ్ళు నా దిక్కు చూసేవాళ్ళు. నేను తట్ట ఎత్తుకుని పోయేదాన్ని.

జరిగింది వేరు. తోట నుంచి వచ్చేసరికి రొమ్ములు గట్టిపడి రవిక తడిసి ఉండేది. నన్ను చూసి బిడ్డ చేతులు చాచేది. అత్త గడపలో అడ్డం కూర్చునేది. ఎండలో తిరిగొచ్చిన తల్లి పాలు కాకపాలని, అవి పడితే బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయని మా దిక్కు నమ్మకం. అందరూ నాలుగు చుక్కలు పిండి పారబోసి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంటారు. మా అత్తకు నాలుగు చుక్కలు చాలేవి కావు. దొడ్డిగోడకు పిండమనేది. ధార సన్నబడేదాకా పక్కనే నిలబడి చూసేది. కొడుకులప్పుడు ఇంత పట్టింపు లేదు. పగలంతా పల్చటి జొన్నగంజి, సాయంత్రం ఎండిన రొమ్ము. బిడ్డ చిక్కిపోయింది. ఆ గోడకు మాత్రం చీమలు బారులు కట్టేవి.

మాలో చిన్నపిల్లలను కాల్చరు, పూడ్చిపెడతారు. నా బిడ్డను గౌడవెల్లి దిక్కున్న మా మెట్ట చెలక గట్టు పక్కన పెట్టారు.

ఒకరోజు తవ్వకంలో పెద్ద పలక కింద తల్లీబిడ్డల ఎముకలు బయటపడ్డాయి. అక్కడ పని చూసేది కోస్తా నుంచి వచ్చిన ఒక పరిశోధక అమ్మాయి. చేతులకు తొడుగులు వేసుకుని, చిన్న ఎముకను వెండిరంగు కాగితంలో చుట్టింది. దాన్ని ఏం చేస్తారని అడిగాను. ఎముకలోని కార్బన్‌ను పరీక్ష చేస్తే ఆ మనుషులు జొన్న, సజ్జ తిన్నారో, వరి తిన్నారో తెలుస్తుందట. నైట్రోజన్‌లో తేలికది, బరువైనది అని రెండు రకాలుంటాయట. వాటిని ఐసోటోపులంటారట. పాలు తాగే బిడ్డకు తిండి తల్లి ఒంటి నుంచే వస్తుంది గనుక, ఆ బరువైనది తల్లి ఎముకలో కంటే బిడ్డ ఎముకలో ఎక్కువగా ఉంటుందట. ఎన్నో వందల ఏళ్ళ కింద పోయిన బిడ్డ పాలు తాగుతూ పోయిందో, పాలు మరిచాక పోయిందో దాన్నిబట్టి చూస్తారట.

జల్లెడ చప్పుడు ఆగింది.

"ఏందమ్మా, సచ్చినోళ్ళ బొక్కలు పాల ముచ్చట జెప్తయా?" అంది మా అత్త.

"చెప్తాయండీ మామ్మగారూ" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

ఆ పొద్దంతా మా అత్త మళ్ళీ నోరు తెరవలేదు. ఇంటికి పోయే తొవ్వలో నా కొంగు పట్టుకుని ఆపింది. "గా చెలక కాడికి గీళ్ళను తోల్కపోయేవు. మట్టిలున్న పసిదాన్ని కదిలియ్యద్దు. పాపం తగుల్తది."

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే లేదు. ఆమే ఇచ్చింది.

మర్నాడు అన్నాల వేళ ఆ అమ్మాయి ఒక్కతే దొరికితే అంతా చెప్పాను. గోడ సంగతి కూడా. నేనప్పుడు నలభై దాటి, వయోజన కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంటున్నాను. "మేడం, నా బిడ్డ బొక్క సూసి, దీనికి తల్లి పాలిచ్చిందని రాసిస్తరా? అందరి ముందల నేనే సదివి ఇనిపిస్త" అని అడిగాను.

ఆమె తింటున్న డబ్బాకు మూత పెట్టేసింది.

"మీకు అబద్ధం చెప్పలేనమ్మా. తిండి లేక ఎండిపోయే బిడ్డ ఒళ్ళు తన కండను తానే కరిగించుకుంటుంది. అప్పుడు కూడా ఆ బరువైన నైట్రోజన్ పెరుగుతుంది. పాలు తాగిన బిడ్డా, కడుపు మాడిన బిడ్డా ఎముకలో ఒకేలా కనిపించొచ్చు."

మరి ఈ రాకాసి గుండ్ల బిడ్డ సంగతి ఎట్లా తేలుస్తారని నిలదీశాను. ఇంకా చాలామంది పిల్లల ఎముకలతో పోల్చి చూస్తామని, ఒక్క బిడ్డను పట్టుకుని గట్టిగా చెప్పలేమని అంది. నేను పూడ్చింది ఒక్క బిడ్డనే. ఆ పరిశోధక అమ్మాయి తప్పేమీ లేదు గానీ, ఆమె మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. పాలు ఎవరు ఆపారో కూడా ఎముక చెప్తుందనే మా అత్త నమ్మింది, నమ్మనిచ్చాను. ఆ తర్వాత ఎవరి ముందూ ఆమె నా పాల మాట ఎత్తలేదు. అన్నేళ్ళూ నేను ఏడ్చి చెప్పినా ఆగని నోరు, ఒక పరాయి పిల్ల నవ్వుతూ అన్న మాటకు మూతపడింది. అంటే ఆ దొడ్డిగోడ ఆమెకు గుర్తుంది. ఎవరు మాడ్చారో ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

కొన్నేళ్ళకు మా చెలక వెంచర్ వాళ్ళ చేతికి పోయింది. జేసీబీలు దిగాయని నా పెనిమిటి ఇంటికొచ్చి చెప్తుంటే, మంచం పట్టిన మా అత్త మెల్లగా లేచి కూర్చుంది. "గట్టు సుత తీసిన్రా?" అని అడిగింది. గట్టూ లేదు ఏం లేదు, మొత్తం చదును చేసి రోడ్డు పోస్తున్నారని అతను చెప్పాడు.

ఆ పూట ఆమె అన్నం మారు పెట్టించుకుంది. నేనే వడ్డించాను.