నిలబెట్టిన నీళ్లు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం నేను మింగేసిన ఒక మాట వల్ల, మా పెద్దమ్మ తాను చెయ్యని తప్పును బతికినన్నాళ్లూ మోసింది. మా వాళ్లందరూ ఆ పని ఆమే చేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. జరిగింది జరిగినట్టు రాయడానికే కూర్చున్నాను.

మాది ధర్మవరం. మా పెద్దనాయన పట్టుచీరలు నేసేవాడు. ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఆయన మగ్గం పక్కన, ఎండ తగలని మూలలో ఒక గాజుతొట్టి ఉండేది. అందులో చేపలు లేవు. తెచ్చిన నాలుగూ అంతకు ముందు ఏడే వేడికి చచ్చిపోయాయి. ఉన్నదల్లా నీళ్లలో పెరిగే నాచు. చీరలు ఇచ్చిరావడానికి బెంగళూరు పోయినప్పుడు చేపలమ్మే అంగడిలో పిడికెడు కొని, తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. దాన్ని పలచగా పరిచి, మగ్గం కింద రాలిన పట్టుపోగులతో నల్లరాళ్లకు కట్టాడు. మందంగా కడితే లోపలిది కుళ్లుతుందనేవాడు. దానికి వేర్లు ఉండవట. తనంతట తాను రాయిని పట్టుకునేదాకా పోగే దాన్ని ఆపాలి. కొసలు పెరిగితే పోగులు కత్తిరించే కత్తెరతోనే కత్తిరించేవాడు. తొట్టి చుట్టూ తడి గోనెపట్ట కప్పేవాడు. రోజంతా జరీ చూసి మండిన కళ్లను కాసేపు ఆ పచ్చదనం మీద పెట్టి, మళ్లీ మగ్గం గుంతలోకి దిగేవాడు.

వీధిలో అందరికీ అదొక నవ్వులాట. ఊరంతా పాచి గీకి పారేస్తాంటే ఈయప్ప పెంచుతాండాడని అనేవాళ్లు. పెద్దమ్మ మాట ఇంకా ఘాటు. "మనుషులకే గొంతు తడుపుకోను లేవు, నీ పాచికి బిందెలు బిందెలు కావల్లనా? ఒగనాడు ఎత్తి వీధిలో పోస్తా" అనేది. అంటూనే, తొట్టిలోంచి తీసిన పాతనీళ్లు ఒక్క చుక్క ఒలకకుండా పట్టుకుపోయి తన కరివేపాకు చెట్టుకు పోసుకునేది.

ఆ ఎండాకాలం బోర్లు ఎండిపోయాయి. వారానికోసారి వచ్చే ట్యాంకరే దిక్కు. ఆ నీళ్ల బ్లీచింగ్ పౌడరు వాసనకు ముక్కు మండేది. పెద్దనాయన తన స్నానానికి వచ్చే వాటా మానుకుని, ఆ నీళ్లను వెడల్పాటి గంగాళంలో మూత లేకుండా రెండు రోజులు నిలబెట్టేవాడు. వాసన పూర్తిగా పోయాకే తొట్టిలో పోసేవాడు. మళ్లీ బెంగళూరు పోవలసివచ్చినప్పుడు ఆ పని నాకు అప్పగించాడు. పెద్దమ్మకు చెప్పలేదు. "నీళ్లు నిలబడాలప్పా. తొందరపడితే సచ్చిపోతాది" అని రెండుసార్లు చెప్పి బస్సెక్కాడు.

మూడో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ బిందెలు తీసుకుని ట్యాంకరు దగ్గరికి పోయింది. నేను ఒంటిమీద నీళ్లు పోసుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదు. గంగాళంలో నీళ్లు కదలకుండా, చల్లగా ఉన్నాయి. ఒక్క చెంబు అనుకున్నాను. ఆ చల్లదనం వీపు మీద ఎలా జారిందో ఇప్పటికీ నా ఒంటికి గుర్తుంది. అదే నాకు సిగ్గు. గంగాళం అడుగు కనబడేదాకా ఆపలేకపోయాను. తర్వాత భయమేసి, డ్రమ్ములో అడుగున మిగిలిన ట్యాంకరు నీళ్లు తోడి తొట్టి నింపాను. చేపలు లేవు కదా, పాచికి ఏమవుతుందిలే అనుకున్నాను.

పెద్దనాయన తిరిగొచ్చేసరికి నాచు పాలిపోయి, నానిన దూదిలా రాళ్లమీద వేలాడుతోంది. ఆయన తొట్టిలో చెయ్యి పెట్టి వాసన చూశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. పెద్దమ్మ వైపు తిరిగాడు.

"నీకంత కండ్లమంటగా ఉంటే నాతో చెప్పింటే నేనే పారేసేవాణ్ణి గదా."

"నేను ముట్టుకోలేదు. నమ్మితే నమ్ము, లేకుంటే లే."

అని ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఆమెకు తెలుసు. ఆవేళ బిందెలతో వచ్చినప్పుడు నా తడి తల, తడిసిన బండలు చూసింది. పెద్దనాయన తిరిగొచ్చిన రోజు సాయంత్రం నన్ను పిలిచి సంగటి పెట్టి, పక్కన కూర్చుంది. "ఎండకు తాళలేకపోయినావు. పిల్లోనివి గదా. తిను" అంది. అంతే. నా అంతట నేను చెబుతానని ఆమె ఎదురుచూసిందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం గండం గడిచిందనుకుని తిన్నాను.

పెద్దనాయన మళ్లీ నాచు తేలేదు. గాజుతొట్టిలో పట్టు కండెలు వేసుకున్నాడు. ఎప్పుడు మాటామాటా వచ్చినా, పచ్చగా ఉన్నదాన్ని చంపిన చెయ్యి నీదని అనేవాడు. పెళ్లిళ్లలో బంధువులు కూడా ఆ సంగతి ఎత్తి నవ్వేవాళ్లు. ఆమె కొంగు సర్దుకుని వడ్డించేది. ఆ పెళ్లి బంతుల్లో ఎన్నోసార్లు నేనూ కూర్చుని తిన్నాను. రెండేళ్ల కిందట ఆమె పోయింది. దింపుడుకళ్లం దగ్గర కూడా నా నోరు పెగల్లేదు.

ఇప్పుడు అనంతపురంలో మా ఇంట్లో ఒక చిన్న గాజుతొట్టి ఉంది. నాచును నేనే దారంతో రాళ్లకు కడతాను. నీళ్లు బకెట్లో మూత లేకుండా రెండు రోజులు నిలబెడతాను. ఆ బకెట్టు పక్కనుంచి నడిచినప్పుడల్లా ఆ సాయంత్రం తిన్న సంగటి గుర్తొస్తుంది. పోయిన నెల నాచు పట్టిన రాయి ఒకటి డబ్బాలో పెట్టుకుని ధర్మవరం పోయాను.

పెద్దనాయనకు ఇప్పుడు చూపు తక్కువ, వినికిడి ఇంకా తక్కువ. రాయిని వేళ్లతో తడిమి చూశాడు. ముఖం విచ్చుకుంది. "నీళ్లు నిలబెట్టినావా?" అని అడిగాడు. అప్పుడు చెప్పాను. ఆయనకు వినబడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. వీధిలో పోయేవాళ్లు గడప దగ్గర ఆగేంత గట్టిగా మళ్లీ చెప్పాను.

ఆయన రాయిని ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆమెకు తెలుసునా?" అన్నాడు.

తెలుసన్నాను.

రాయిని నా చేతిలో పెట్టేశాడు. ఆయన కాళ్లు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. "నాకు గాదప్పా. ఆడ చెప్పు" అని గోడమీద ఉన్న పెద్దమ్మ పటం వైపు చెయ్యి చూపించాడు.

రాయితోనే లేచి వెళ్లి పటం ముందు నిలబడ్డాను. ఆయనకు కూడా వినబడేలా, నీళ్లు పోసింది నేనే పెద్దమ్మా, తప్పయింది, అన్నాను.