నడిమివేలి మీది సినిమా

నీ ఫోన్లో ఎవరెవరో సినిమాలకు ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టుకుంటున్నారని నవ్వుతున్నావు కదా పాపా. మీ అమ్మ పుట్టకముందే మేం ఆ పని చేశాం. కాగితం లేదు, కలం లేదు. ఎడమ చెయ్యి ఒక్కటే. కుడిచెయ్యి ఎందుకు కాదంటావా, అది అన్నం తినే చెయ్యి, దాని మీద పెడితే కడుక్కున్నప్పుడల్లా సినిమాలు పోతాయని మా అక్క చెప్పింది. నేను చాలా ఏళ్ళు నమ్మాను. రాసుకో, నెమ్మదిగానే చెబుతాను.

మాది వేప్పనపల్లి దగ్గర పల్లె. మామిడి తోపుల మధ్య నాలుగు వీధులు. అక్కా నేనూ ఇద్దరమే. బండి కట్టి కృష్ణగిరికి పోయినప్పుడు అక్కడి టెంటులో సినిమా చూసేవాళ్ళం, ఏడాదికి రెండో మూడో. అయిదు వేళ్ళకు అయిదు సినిమాలు. అన్నిటికన్నా పొడుగైన నడిమివేలు మొదటి స్థానం. తర్వాత ఉంగరంవేలు, చూపుడువేలు, చిటికెనవేలు. బొటనవేలు ఆఖరు. కొత్త సినిమా ఎక్కాలంటే పాతది ఒకటి దిగాలి. ఎందుకు దిగిందో నోరు తెరిచి చెప్పాలి. అవతలిది కాదనకూడదు, ప్రశ్నలు మాత్రం ఎన్నైనా అడగొచ్చు.

మాకు సినిమా కన్నా ఆ ప్రశ్నలే ఇష్టం. తెర మీద అంతా నలుపూ తెలుపే కదా, హీరోయిన్ కట్టుకున్న చీర ఏ రంగు? అక్క ఎర్ర చీరంటే నేను పచ్చదనేదాన్ని. తినడానికి గింజలు లేని ఇంట్లో ఆమె చెవులకు అంత పెద్ద కమ్మలు ఎట్లా వచ్చాయి? వాళ్ళిద్దరూ తోటలో అంతసేపు పాడుతుంటే ఇంటి దగ్గర ఆవుకు నీళ్ళు పెట్టిందెవరు? ఒక దేవుడి సినిమా ఉండేది, చూసినవాళ్ళంతా తెర ముందు కర్పూరం వెలిగించేవాళ్ళు. అది నా ఉంగరంవేలి మీద చాలా కాలం ఉంది. కత్తియుద్ధాలది ఒకటి బొటనవేలి మీదే పుట్టి బొటనవేలి మీదే పోయింది. చిటికెనవేలి సినిమాను నేను సగమే చూశాను. గాలివానకు టెంటు గుంజలు ఊగితే అందరం లేచి వచ్చేశాం. మిగతా సగంలో ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదు కాబట్టే దాన్ని దించలేదు.

తర్వాత అక్కకు కృష్ణగిరిలోనే పెళ్ళయింది. నన్ను హోసూరుకు ఇచ్చారు. మీ తాతవాళ్ళది బొరుగుల భట్టీ. ఇంట్లో ముగ్గురమే, మీ తాత, అత్త, నేను. బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించడం, కాలిన ఇసుకలో పొంగించడం, జల్లెడ పట్టడం. పొద్దున లేస్తే ఇసుక, పడుకుంటే జుట్టులో ఇసుక. అత్త మాట తక్కువ మనిషి. నాతో రోజంతా మాట్లాడేది లెక్కపెడితే ఈ చేతి వేళ్ళే చాలు. నాకు ఆమె అంటే భయం. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి. మామిడి కాలంలో భట్టీకి పని ఎక్కువ, జాతరలూ పెళ్ళిళ్ళూ అప్పుడే. ఆ కాలంలో ఈ ఇంటి కోడలు పుట్టింటికి పోవడమనేది లేదని పక్కింటామె వచ్చిన వారానికే నా చెవిన వేసింది. నేను పుట్టి పెరిగింది మామిడి తోపులో. ఆ మాట విన్న రోజు జల్లెడ పట్టుకుని ఏడ్చాను, ఇసుక కంట్లో పడిందని చెప్పాను.

హోసూరులో కూడా టెంటు ఉండేది. తమిళమూ కన్నడమూ ఎక్కువ వచ్చేవి, తెలుగు ఎప్పుడో ఒకసారి. నాకు తెలుగు వచ్చు, సంతలో బేరమాడే కన్నడం వచ్చు. తమిళం మాత్రం ఒక్క ముక్క తెలియదు. అత్త పుట్టింది ధర్మపురి పక్క. కొనేవాళ్ళతో తమిళంలో గలగలా మాట్లాడేది. పెళ్ళైన మూడో నెలలో ఒక తమిళ సినిమా వచ్చింది, ఆడవాళ్ళంతా విరగబడి చూస్తున్నారని చెప్పుకున్నారు. మీ తాత మమ్మల్నిద్దరినీ సాయంత్రం ఆటకు తీసుకుపోయి తను మగవాళ్ళ పక్కన కూర్చున్నాడు. నేనూ అత్తా ఆడవాళ్ళ పక్క ఇసుక కుప్ప చేసుకుని ఎత్తుగా కూర్చున్నాం.

అది అత్తా కోడళ్ళ కథ. అంతవరకు బొమ్మలు చూస్తే నాకే తెలిసింది. మిగతాదంతా అత్త నా చెవిలో చెప్పింది. తెర మీద అత్త కళ్ళు పెద్దవి చేసి కోడలి ముందు నుంచి అన్నం పళ్ళెం లాగేసుకుంది. ఏమంటోందని అడిగాను.

"అన్నం సల్లారిపోయిందంట. వేడిగా వేరే పెడతాదంట," అంది అత్త.

ఆ అత్త సామాను గదికి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంటే, ఎలుకలు ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. కోడలి మీద కట్టె ఎత్తితే, ఆ వెనక గోడ మీద తేలు ఉందట, మనకు కనపడదట. నేను తేలు కోసం చాలా సేపు వెతికాను. ఒకటే అనుమానం వచ్చింది, ఇంత మంచి మాటలకు వెనకాల అంత గట్టిగా డప్పులెందుకు వాయిస్తున్నారని. తమిళం వాళ్ళ సంగీతం ఇట్లా ఉంటుంది కాబోలని సర్దుకున్నాను.

తర్వాత వాన. ఆ అత్త ఒక మూట తెచ్చి వీధిలోకి విసిరేసింది. కోడలు ఆ వానలో మూట పక్కన నిలబడింది. సరిగ్గా అక్కడ రీలు అయిపోయింది. మిషను ఒకటే కదా, రీలు మార్చేదాకా దీపాలు వేసేవాళ్ళు. చుట్టూ ఆడవాళ్ళంతా ముక్కులు చీదుతున్నారు. నేను అత్త వైపు తిరిగాను. ఆమె ఖాళీ తెర వైపే చూస్తోంది.

"పుట్నింటికి పంపిస్తాండాది," అంది చివరికి. "మామిడికాయల కాలం కదా. మూట తానే కట్టినాదంట."

"మరి అందరూ ఎందుకు ఏడుస్తాండారు అత్తా?"

"ఆడబిడ్డను పంపించేటప్పుడు ఏడవరా ఎవరైనా?"

కథ చివర ఆ అత్త కోడలి కాళ్ళ దగ్గర వంగి ఏడ్చింది. కోడలి కాల్లో ముల్లు గుచ్చుకుంటే చూస్తోందని చెప్పింది మా అత్త.

ఆ సినిమా ఇంటికి వచ్చేలోపే నా నడిమివేలు ఎక్కింది. అంతవరకు నేను చూసిన సినిమాల్లో మంచి అత్త ఒక్కతీ లేదు మరి. పైగా మా అత్త ఒక్కరోజులో నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

మామిడి కాలం వచ్చింది. మా నాయన తోపు కాపు దిగుతోందని కబురు చేశాడు. మీ తాతను అడిగితే, భట్టీ ఎవరు చూస్తారని అన్నాడు. నేను ధైర్యం చేసి అత్త దగ్గరకే పోయాను. ఆమె జల్లెడ పడుతోంది. ఏమని అడగాలో తెలియక సినిమానే అడ్డం పెట్టుకున్నాను. ఆ సినిమాలో అత్త మామిడికాయల కాలానికి కోడల్ని పంపింది కదా అత్తా అన్నాను.

జల్లెడ ఆగింది. ఆమె నా మొహంలోకి చూసింది, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని కాబోలు. ఎగతాళి చేసే తెలివి నాకు అప్పుడు ఎక్కడిది? కాసేపటికి జల్లెడ మళ్ళీ ఆడింది.

"పోయిరా," అంది. "కాయ అయిపోయేదాకా ఉండు."

మూట తనే కట్టింది. నేను లేనన్నాళ్ళూ ఇద్దరి పనీ ఒక్కతే చేసిందని తర్వాత పక్కింటామె చెప్పింది.

శూలగిరి మీదుగా బస్సులో కృష్ణగిరికి పోయి అక్క ఇంట్లో ఒక రోజు దిగాను. చేతులు చూసుకున్నాం. నా నడిమివేలి సినిమా కథ చెబుతుంటే అక్క మధ్యలోనే ఆపింది. అదే మనుషులతో అదే సినిమా తెలుగులో కూడా తీశారు, ఈ ఊళ్ళో ఇప్పుడు ఆడుతోంది, రేపటిదాకా ఉండు చూద్దామంది. పోయాం.

అదే ఇల్లు, అదే వాన, అదే మూట. మాటలు మాత్రం తెలిశాయి. పళ్ళెం లాగిన అత్త అంటున్న మాటలు నేను నీతో రాయించలేను పాపా. తేలు లేదు. ఎలుకలు లేవు. ముల్లు అసలే లేదు. అక్క పైట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే ఉంది.

"మీ అత్త నిన్ను బాగా ఏమార్చినాది మే," అంది. "దించు ఆ సినిమాను."

నాకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. వరసగా ప్రశ్నలు వచ్చాయి. తమిళం రాక తోచింది చెప్పిందా? బొరుగులు కొనేవాళ్ళతో గంటలు గంటలు తమిళంలో వాదించే మనిషికి తమిళం రాకపోవడమేంటి? అయితే కొత్త కోడలి ముందు అత్తల పరువు తీయడం ఇష్టం లేక చెప్పిందా? లేక రీలు మారేటప్పుడు ఆ ఖాళీ తెర మీద ఆమెకు వేరే ఏదైనా కనిపించిందా? ఆమె కోడలిగా ఉన్న కాలంలో పుట్టింటికి ఎన్నిసార్లు పోయింది? ఆ చివరిదానికి జవాబు మీ తాత చెప్పాడు, నేను తిరిగి వచ్చాక. రెండుసార్లట. రెండూ చావులకేనట.

నేను తెలుగు సినిమా చూసిన సంగతి అత్తకు చెప్పలేదు. మరుసటి ఏడు మామిడి పిందె కాయ అయ్యే రోజుల్లో, డప్పు కొట్టుకుంటూ బండి మా వీధిలోకి వచ్చింది, రంగు కాగితాలు విసురుతూ. ఆ తెలుగు సినిమా హోసూరుకే వచ్చేసింది. వీధిలో ఆడవాళ్ళంతా పోదామని అనుకున్నారు. అత్త చెప్పిన కథను నేను పోయిన ఏడే తమిళం రాని పక్కింటామెకు చెప్పుకున్నాను. ఆ కథ అందరి ముందూ బయటపడితే అత్త తలెత్తుకోలేదు. ఏ సినిమాను చూపించి నేను ఇల్లు కదిలానో, అది అబద్ధమని ఇద్దరికీ తెలిసిపోయాక మళ్ళీ ఏ మొహంతో అడగాలి? నాకు తోపు కళ్ళ ముందే దూరమైపోయినట్టయింది.

కడుపు నొప్పన్నాను. అత్త వాము నమిలించింది. చూసిన కథే కదా అత్తా, మళ్ళీ ఎందుకన్నాను. ఆమె చీర మార్చుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది.

"తెలుగులో ఎట్ల తీసినారో చూస్తాం పా," అంది.

మళ్ళీ ఇసుక కుప్ప, మళ్ళీ పక్కపక్కన. పక్కింటామె మా ముందు వరసలో కూర్చుంది. పళ్ళెం లాగే చోట అత్త కదల్లేదు. కట్టె ఎత్తే చోట కదల్లేదు. నేను తెర వైపు చూడటం మానేసి ఆమెనే చూస్తున్నాను. వానలో మూట పడింది. తెర మీద అత్త గొంతు చించుకుని, మళ్ళీ ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంది. రీలు అయిపోయి దీపాలు వెలిగాయి. పక్కింటామె వెనక్కి తిరిగి, నేను తనకు చెప్పిన కథ ఇది కాదు కదా అన్నట్టు అత్త వైపు చూసింది. అత్త ఆ చూపు పట్టించుకోలేదు. చీర కుచ్చిళ్ళలోని ఇసుక దులుపుకుని నాతోనే అంది.

"తెలుగోళ్ళు చెడగొట్టినారు. అరవంలో బాగుండె."

"అవునత్తా," అన్నాను. "నేనూ అదే అనుకుంటా ఉండాను. కృష్ణగిరిలో చూసినప్పుడు కూడా అట్లే అనిపించినాది."

ఆమె తల నా వైపు తిరిగింది. కృష్ణగిరి అన్న మాట ఆమెకు అర్థమైంది. ఏడాదిగా నాకు తెలుసని అర్థమైంది. ఏదో అనబోయింది, అంతలో దీపాలు ఆరిపోయాయి.  చివర ఆ అత్త కోడలి కాళ్ళ దగ్గర వంగినప్పుడు మా అత్త మోచేత్తో నన్ను పొడిచింది.

"ముల్లు," అంది.

మగవాళ్ళ పక్క నుంచి మీ తాత తిరిగి చూసేంత గట్టిగా నవ్వాం ఇద్దరం. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు, మమ్మల్ని తిట్టుకుని ఉంటారు.

నాలుగు వారాలకు కాపు దిగిందని కబురు వచ్చింది. ఈసారి ఏ సినిమా పేరు చెప్పి అడగాలా అని పొయ్యి దగ్గర కూర్చుని ఆలోచిస్తున్నాను. అడగనే అక్కరలేకపోయింది. మూట గడప లోపల పెట్టి ఉంది, ముడి గట్టిగా వేసి. అత్త దాన్ని నా చేతికిచ్చి, కింద పెట్టకు, బస్సులో ఒళ్ళోనే పెట్టుకో అంది.

కృష్ణగిరిలో అక్క చెయ్యి చాపమంది. చాపాను. నడిమివేలి మీద అదే సినిమా ఉందని చెప్పాను, తమిళంది. తెలుగుది ఏ వేలి మీదా లేదన్నాను. రెండూ ఒకటే సినిమా, అట్లా చెల్లదంది. కాదనే హక్కు లేదు, ప్రశ్న అడుక్కోమన్నాను.

"సరే. ఆ కత రాసిందెవరు?" అంది.

నేను మూట విప్పాను. పైన నా చీరలు, కింద అక్క కోసమని అత్త విడిగా కట్టిన బొరుగుల ఉండలు, బెల్లం పాకం ఇంకా చేతికి అంటుకుంటోంది. అక్క ఒకటి నోట్లో వేసుకుంది. నమిలి మింగి, ఇంకోటి తీసుకుంది.

"దించొద్దులే," అంది.