నిద్ర తీరిన వేసవి

కరోనా వచ్చేనాటికి నేను విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. తెల్లారకముందే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్ళు. పుస్తకం ముందు పెట్టుకుని కునికిపాట్లు పడేవాళ్ళం. రోజూ తలనొప్పే. ఈ వయసులో అందరికీ ఇంతేలే అనుకునేదాన్ని.

హాస్టల్ మూసేస్తున్నారని తెలియగానే నాన్న స్కూటర్ వేసుకొచ్చారు. హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆపితే, ఆయన వీపు మీద తల పెట్టి నిద్రపోతున్నాను.

"ఇల్లొచ్చేసిందా?" అన్నాను.

"ఇంకా లేదమ్మా. కాస్త టీ తాగు, లేకపోతే దారిలో జారి పడతావ్."

నూజివీడు చేరాక ఇక నిద్రే నిద్ర. కొన్ని వారాలపాటు భోజనాల వేళకి గానీ లేవలేదు. అమ్మకి భయం పట్టుకుంది. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఏవండీ, దీనికి వాసన తెలుస్తోందో లేదో చూడండి" అంది.

నాన్నది మామిడికాయల వ్యాపారం. లారీలు కదలక ఇంట్లోనే ఉంటున్నారు. ఓ చిన్న రసం మామిడికాయ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టారు.

కళ్ళు తెరవకుండానే, "ఇంకా పండలేదు నాన్నా" అన్నానట.

ఇద్దరూ ఒకటే నవ్వు. "దీనికి జబ్బేం లేదు. ఏడాది నుంచీ నిద్ర లేదంతే. పడుకోనీ" అన్నారు నాన్న.

మెల్లగా నిద్ర ఒక దారికొచ్చింది. ఎవరూ లేపకుండానే లేచి, స్నానం చేసి ఆన్‌లైన్ క్లాసుకి కూర్చునేదాన్ని. తలనొప్పి ఎప్పుడు పోయిందో గమనించనేలేదు. ఫిజిక్స్ ఒకసారి వింటే అర్థమవుతుంటే ఆశ్చర్యమేసేది. స్నేహితులు గుర్తొచ్చి దిగులేసేది, టీవీలో వార్తలు చూస్తే భయమేసేది. అయినా ఒంట్లో హాయిగా ఉండేది.

హాస్టళ్ళు మళ్ళీ తెరిచారని ఫోనొచ్చినప్పుడు, "నేను వెళ్ళను నాన్నా. ఇక్కడే చదువుకుంటాను" అన్నాను.

"మరి ర్యాంకు?" అంది అమ్మ.

నాన్న నన్ను చూపించారు. "పిల్ల మళ్ళీ నవ్వుతోంది కదే. వచ్చే ర్యాంకేదో వస్తుంది."

ఊళ్ళోనే ఓ కాలేజీలో చేర్చారు. ర్యాంకు గొప్పగా ఏం రాలేదు. నచ్చిన డిగ్రీ మాత్రం చదువుకున్నాను.

ఆ రోజుల్లో ఎంతోమంది అయినవాళ్ళని పోగొట్టుకున్నారు. అందుకే ఈ మాట పైకి అనడానికి మొహమాటంగా ఉంటుంది. కానీ చదువుకునే వయసులో నేను మొదటిసారి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది ఆ వేసవిలోనే.