అరటిపళ్ల ముసలమ్మ ఫోను

త్రినాథ్ ఇరవై ఏళ్లు ఓడల్లో కరెంటు పనే చేశాడు. ఒకసారి ఓడ కరీబియన్ దీవి రేవులో ఆగినప్పుడు, అరటిపళ్లమ్మే ముసలమ్మ ఫోను చాచి కాస్త ఛార్జింగ్ పెట్టమంది. ప్రభుత్వాలు మారుతున్నాయే గానీ ఊళ్లో కరెంటు నిలవడం లేదట.

"ఇదేటి దేశం!" అని నవ్వి పొమ్మన్నాడు.

"మాకూ ఒకప్పుడు ఉండేది నాయనా," అందామె.

ఇప్పుడు యాంగోన్ పక్కన, తను పుట్టిపెరిగిన తన్లిన్‌లో అతనికి దొరికేది రోజుకు నాలుగు గంటల కరెంటు. జనరేటరున్న టీకొట్టులో, తాగాలని లేకపోయినా రెండో టీ చెప్పి ఫోను ఛార్జింగ్ పెట్టించుకున్నాడు. అది వెలగ్గానే బరంపురం నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు.

"ఎప్పుడు చేసినా స్విచాఫే! ఇదేటి దేశం మావయ్యా?" అంటూ నవ్వాడు.

"మాకూ ఒకప్పుడు ఉండేదిరా," అన్నాడు త్రినాథ్. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

ముసలమ్మను పొమ్మన్న ఆ రోజు ఓడలో జనరేటరు పగలంతా తిరుగుతూనే ఉంది.