మిషనుకు కట్టిన బంతిపువ్వు

ఆ రోజుల్లో మా ఇంట్లో రెండు నోళ్లుండేవి. ఒకటి మా ఆయనది, రెండోది ఆయన తెచ్చిన మిషనుది. నాకు నోరు లేదు, చెయ్యి ఉండేది. ఇప్పుడు ఆయన పటంలో ఉన్నాడు, మిషను సజ్జ మీద ఉంది, నోరు నాకు మిగిలింది. అందుకే చెబుతున్నాను. (నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కోడలు రాస్తోంది. అక్షరాలు ఆమెవి, తిట్లు నావి.)

ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక గల్లీలో ఒకటిన్నర గది కిరాయి ఇల్లు మాది. మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం, పొద్దున తుడిచిన గిన్నె మీద సాయంత్రానికి సిమెంటు దుమ్ము. మా ఆయన నల్లగొండ దిక్కు పల్లె నుంచి పటాలానికి పోయి, పదిహేనేళ్లు చేసి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బంగారం దుకాణం ముందు డబుల్ బ్యారెల్ తుపాకీ పట్టుకుని నిలబడేవాడు. పొద్దంతా నిలబడి వచ్చిన మనిషి ఇంట్లోనైనా వంగాలి కదా, వంగేవాడు కాదు. అన్నం పెట్టమనడం కూడా ఆర్డరే. పెళ్లినాటికి నేను పంతొమ్మిదేళ్లదాన్ని, ఈ కథనాటికి ముప్ఫై దాటాయి. ఆ మధ్యలో నేను గెలిచిన మాట ఒక్కటి కూడా గుర్తు లేదు.

నాకున్న గొప్పల్లా ఒక్కటే. దిల్‌సుఖ్‌నగర్‌లో మందులిచ్చే ఒక వైద్యుడు సారు కడుపు సాఫ్ అయ్యే చూర్ణాన్ని నాకు పొట్లాలు కట్టడానికి ఇచ్చేవాడు. పొట్లానికి మూడు గ్రాములు. టానిక్ సీసా మూత ఒకటి పెట్టుకుని, నిండా తీసి, చీపురు పుల్లతో పైన గీసి, కాగితంలో పోసి మడిచేదాన్ని. మొదట్లో సారు పది పొట్లాలు విప్పి తన చిన్న త్రాసులో వేసి చూశాడు. పదీ ఒక్క తీరుగానే ఉన్నాయి. "నీ చెయ్యే తూకమమ్మా" అన్నాడు. ఆ మాట మోసుకుని షేర్ ఆటో ఎక్కకుండా ఎల్‌బీ నగర్ దాకా నడిచి వచ్చాను. ఇంట్లో చెబితే మా ఆయన, "చెయ్యి తూకమైతే త్రాసులెందుకు అమ్ముతరు?" అన్నాడు. అంతే, సంబరం అక్కడికి సమాప్తం.

అలాంటి రోజుల్లో ఆయన ఒక గోనె సంచి మోసుకొచ్చాడు. లోపల సైన్యం రంగు మిషను, పైన గరాటులాంటి సీసా, పక్కన చిన్న గిన్నె, ముందర ఎర్ర అంకెలు. మలక్‌పేటలో ఒక ముసలి సాహెబు ఉండేవాడు, గురి చూసి కాల్చే పందేలకు పోయేవాడట. ఆయన తుపాకులను మా ఆయన వారానికొకసారి తుడిచి నూనె రాసి వచ్చేవాడు. ఇంట్లోనే తూటాలు నింపుకుందామని సాహెబు తన తమ్ముడితో విదేశం నుంచి ఆ మిషను తెప్పించుకున్నాడట. పోలీసులు పర్మిషన్ ఇవ్వకపోయేసరికి అది పెట్టెలోనే ఉండిపోయింది, చివరికి మా ఆయనకే ఇచ్చేశాడు. తుపాకి మందును రవ్వంత కూడా తేడా రాకుండా దానంతట అదే గిన్నెలో రాలుస్తుందట. "బుల్లెట్ల మందు తూచే మిషనే ఇది. నీ విరేచనాల మందు ఒక లెక్కనా?" అన్నాడు మా ఆయన. నా టానిక్ మూతను తీసి కిటికీలో పెట్టాడు. (విసిరెయ్యలేదు, అంతవరకు మంచోడే.) చదువు రాకపోయినా బస్సుల మీద చూసి చూసి నాకు అంకెలు వచ్చు. మూడు నొక్కితే మూడు వచ్చేదాకా గర్ర్ మని రాల్చి ఆగేది. నేను గిన్నె తీసి కాగితంలో ఒంపి మళ్లీ పెట్టడమే. పని సులువైంది, అబద్ధమెందుకు. కానీ చేతికి పని లేక మనసు చిన్నబోయింది.

దసరా వచ్చింది. మావాళ్లు ఆ రోజు కొడవలి నుంచి బండి దాకా అన్నింటికీ బొట్టు పెడతారు. మా ఆయన తుపాకి దుకాణంలోనే ఉంటుంది, ఇంటికి తేకూడదు. ఆ లోటు మిషనుతో తీర్చుకున్నాడు. కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, దారంతో ఒక ముద్ద బంతిపువ్వును గిన్నె పిడికి తనే కట్టాడు. కట్టినాక ఎర్ర అంకెలు కదిలాయి. పటాలం మనిషి కదా, అంకె సరిగా ఉండాలి, సున్నా బటన్ నొక్కాడు. సున్నా వచ్చింది. "ఇంక దీన్ని ఆర్పకు. వేడెక్కి ఉంటేనే లెక్క సరిగ్గా ఉంటది" అని హుకుం వేశాడు. మా గల్లీలో రోజుకు రెండుసార్లు కరెంటు పోయేది. పోయి వస్తే మిషను పాత లెక్క మరిచి మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. ఆ రెండు రోజులూ కరెంటు పోలేదు. మా దరిద్రమంతా ఆ ఒక్క వెలుగులోనే ఉంది.

మర్నాటికి పువ్వు వాడింది, రేకులు మందులో రాలుతున్నాయి. డ్యూటీకి పోతూ మా ఆయనే దారం తెంపి పువ్వు తీసి చెత్తలో వేశాడు. నేను కూర్చుని గిన్నె పెట్టేసరికి, సున్నా ఉండాల్సిన చోట రెండు చిల్లర అంకె, దాని ముందర చిన్న అడ్డగీత. మిషను గర్ర్ మని రాల్చి మూడు దగ్గరే ఆగింది. కానీ పొట్లం అరచేతిలో పెట్టుకుంటే బరువు. ఇంకొకటి కట్టాను, అదీ బరువే. అయినా మిషను చూపిన లెక్కకే అన్నీ కట్టేశాను. సాయంత్రం ఆయన రాగానే చెప్పాను.

"ఏమయ్యా, పొట్లం బరువున్నది. అంకె ముందర గీత గూడ పడ్డది."

"మూడు చూపిస్తున్నదా లేదా?"

"మూడే చూపిస్తున్నది. గని చేతికి..."

"నీ చేతికేం ఎర్క, ఏమే. ఇగో, నేనే తాగుతా, సూడు."

అన్నం తిన్నాక వేడినీళ్లలో ఒక పొట్లం కలుపుకుని గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. నిలబడే ఉద్యోగం, ఆయనకు ఆ మందు అలవాటే. పొద్దున్నే నేను మిగతా పొట్లాలు సారుకు అప్పజెప్పి వచ్చాను. మొగుడే తాగినాక నాకేం అనుమానం ఉండాలి? (ఉండింది. చెప్పడానికి ధైర్యం లేదు.)

తర్వాత జరిగింది ఆ దుకాణంలో ఊడ్చే అక్క నాకు చెప్పింది. దీపావళి బేరాల రోజులు, దుకాణం నిండా ఆడవాళ్లు. పదిన్నరకు మా ఆయన మొహం పాలిపోయింది. పదకొండుకు చెమటలు. గన్‌మన్ తుపాకీని ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, కింద పెట్టకూడదు, అది రూలు. దుకాణం మరుగుదొడ్డి మూడో అంతస్తులో, అక్కడిదాకా ఆగే పరిస్థితి లేదు. బస్సుల స్టాపు పక్కన డబ్బులు కట్టిపోయే లెట్రిన్ ఉంది. తుపాకి రెండు చేతులా పట్టుకుని ఆయన రోడ్డు మీద ఉరుకు అందుకున్నాడు. గన్‌మనే ఉరుకుతున్నాడంటే లోపల దొంగలు పడ్డారని బయటివాళ్లు, బయట దొంగలున్నారని లోపలివాళ్లు. సేఠ్ షట్టర్ దింపించాడు. ఒకావిడ తను బేరం చేస్తున్న గాజులతోనే బల్ల కింద దూరింది. లెట్రిన్ ముందు కూర్చునే మనిషి తుపాకీని చూసి, ఇద్దరు మనుషులు లోపలుండగానే కుర్చీ వదిలి పారిపోయాడట. మా ఆయన తిరిగి వచ్చేసరికి పోలీసులు నిలబడి ఉన్నారు. ఏం చెప్పాలి? పటాలంలో పదిహేనేళ్లు చేసిన మనిషి తల వంచుకుని నిజం చెప్పాడు. వాళ్లు నవ్వి వదిలేశారు, సేఠ్ మాత్రం ఉద్యోగం తీసేశాడు.

రెండు రోజులకు వైద్యుడు సారు దగ్గర ఇంకో సంత. వనస్థలిపురం నుంచి రిటైరైన పెద్దమనుషులు నీరసపడిపోయి వచ్చి గోడలు పట్టుకుని నిలబడ్డారు. నన్ను పిలిపిస్తే మా ఆయనా వెంట వచ్చాడు. సారు ఒక పొట్లం త్రాసులో వేసి చూపించాడు, ఐదు గ్రాములు దాటింది.

"నీ చేతి మీద నమ్మకంతో నేను తూకం వెయ్యడమే మానేశాను కదమ్మా. ఇదేంటిది?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు. "ఆమెకు సదువు రాదు సార్. ఏ బటన్ నొక్కిందో ఏమో."

నేను ఆయన మొహం చూశాను. ఆయన త్రాసును చూస్తున్నాడు. సారు ఇంక మందు ఇవ్వలేదు. ఇంటికి వచ్చి కిటికీలోని టానిక్ మూత తీసి కడిగి బోర్లించాను. దేనికి కడిగానో నాకే తెలియదు.

ఆ తర్వాత ఆయన వనస్థలిపురంలో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అయ్యాడు, నేను నాలుగిళ్లలో వంటకు కుదిరాను. ఏళ్లకేళ్లు ప్రతి పెళ్లిలో, ప్రతి బోనాల విందులో ఆయన ఈ కథ చెప్పేవాడు. ఉరికినదీ షట్టర్ దింపిందీ అభినయించి, చివర "మా ఆమె చెయ్యి జర పెద్దది" అనేవాడు. బంధువులు పొట్ట పట్టుకుని నవ్వేవారు, నేను వాళ్లకు కూర వడ్డించేదాన్ని. నా మీద నాకే అనుమానం వచ్చింది. నిజంగా ఏ బటనైనా నొక్కానేమో.

ఆయనకు జబ్బు చేసి మంచం పట్టిన ఏడాది, సజ్జ దులుపుతూ మిషను దించాను. వెలుగుతుందా అని ప్లగ్ పెట్టాను. గిన్నె పిడికి దసరానాటి దారం పోగు ఇంకా అంటుకుని ఉంది. ఏమనిపించిందో, దేవుడి దగ్గరి బంతిపువ్వు తెచ్చి గిన్నెలో పెట్టి, ఆనాడు ఆయన నొక్కినట్టే సున్నా నొక్కాను. పువ్వు తీశాను. గీత పడింది. గీత వెనక రెండు చిల్లర. పువ్వు పెడితే సున్నా, తీస్తే గీత. పువ్వు లేని బరువును కూడా మందుతోనే నింపి మూడు చూపించింది, పిచ్చి ముండ. అలా ఎన్నిసార్లు పెట్టి తీశానో. తర్వాత మంచం దగ్గరికి పోయి నిలబడ్డాను.

"గా పువ్వు తీసింది నువ్వు గద."

ఆయన గోడ వైపు చూశాడు. అటే చూస్తూ అన్నాడు. "ఎర్కనే. గా లెట్రిన్ల కూసున్నప్పుడే ఎర్కైంది. తుపాకి మోకాళ్ల మీద పెట్టుకోని అంతా సోంచాయించిన."

"మరి సారుకు ఎందుకు చెప్పలే?"

"నౌకరి పోయింది, ఇజ్జత్ పోయింది. తప్పు నాది గాదన్న మాటొక్కటన్న ఉండనీయే అనుకున్న."

గంజి చల్లారిపోతోందని తాగించాను. ఆ గంజి తాగించిన చెయ్యే మరి, తూకం తెలిసిన చెయ్యి.

ఆయన పోయిన పదకొండో రోజు భోజనాల్లో మా మరిది మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. చివర "మా వదిన చెయ్యి పెద్దది" అనేసరికి అందరూ నవ్వారు, ఏడుపు మధ్యలో నవ్వు కదా, ఇంకా గట్టిగా వచ్చింది. నేను పప్పు గరిటె కింద పెట్టి, పువ్వు సంగతి చెప్పాను. ఎవరూ వినలేదు. "ఇప్పుడెందుకొదినా గదంతా, పోయినోని మీద" అన్నాడు మరిది.

వైద్యుడు సారూ పోయాడు. ఆయన కొడుకు పెట్టిన దుకాణంలో ఇప్పుడు సీలు వేసిన డబ్బాలే. దసరాకు నేను మిషను దించి బొట్టు పెడతాను, పువ్వు పెడతాను. సున్నా నొక్కి, పువ్వు తీసి, గీత వచ్చేదాకా చూసి ప్లగ్ పీకేస్తాను. అప్పుడు ఆ ముప్ఫై ఏళ్లది కనబడుతుంది. బరువైన పొట్లాన్ని అరచేతిలో పట్టుకుని, సిమెంటు దుమ్ము పడ్డ చాప మీద కూర్చుని, "గని చేతికి..." అని ఆగిపోయిన పిల్ల. నవ్వొస్తుంది దాన్ని చూస్తే. ఆ మాట పూర్తి చేసి ఉంటే ఆయన వినేవాడని కాదు. కనీసం ఆ పొట్లం ఆయన తాగకుండా దాచిపెట్టేదాన్ని.